అపాస్ట్రఫీ ఎక్కడ పెట్టాలో మీ తెలుగే చెబుతుంది

ఇంగ్లీషులో మెయిల్ అంతా రాసేసి, పంపే ముందు "ఇట్స్" అన్న మాట దగ్గర ఆగిపోయి, అపాస్ట్రఫీ (’ గుర్తు) రెండుసార్లు పెట్టి రెండుసార్లు తీసేసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేనూ చాలా ఏళ్ళు అలాగే చేశాను. ఒక ఉద్యోగానికి పంపిన దరఖాస్తులో "ద కంపెనీ అండ్ ఇట్’స్ కస్టమర్స్" అని రాశాను. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నావిడ ఆ కాగితం బల్ల మీద పెట్టినప్పుడు చూశాను, ఆ గుర్తు చుట్టూ పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి ఉంది. ఆవిడ దాని గురించి ఒక్క మాట అనలేదు, కానీ ఇంటర్వ్యూ అయ్యేదాకా నా చూపు ఆ సున్నా మీదే ఉండిపోయింది.

తరవాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది, నాకు రూలు తెలియక కాదు. రాసేటప్పుడు నేను చెవిని నమ్ముకున్నాను. తెలుగులో విన్నది విన్నట్టు రాస్తే సరిపోతుంది కాబట్టి మనకు అదే అలవాటు. ఇంగ్లీషులో అపాస్ట్రఫీకి అసలు శబ్దమే లేదు. ఉన్నా లేకపోయినా మాట ఒకేలా వినిపిస్తుంది. ఇంగ్లీషే మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా ఇవే తప్పులు చేసేది అందుకే, వాళ్ళకూ చెవి సాయం చేయదు.

మనకు మాత్రం వాళ్ళకి లేని సదుపాయం ఒకటుంది. ఇంగ్లీషులో ఒకేలా వినిపించే ఈ జంటలు తెలుగులోకి తెస్తే వేర్వేరు మాటలైపోతాయి. "మీరు", "మీ" అన్న మాటల మధ్య మీరు ఎప్పుడైనా తడబడ్డారా? లేదు కదా. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

ఒక మాట ముందే చెబుతాను. ఇంగ్లీషు ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను, అపాస్ట్రఫీ ఉండాల్సిన చోట ఆ గుర్తు పెడుతున్నాను. కాబట్టి వాటిని కళ్ళతో చదవండి, గుర్తు ఏ అక్షరం పక్కన ఉందో చూడండి.

మొదటి అడుగు: ఈ గుర్తు చేసే పనులు రెండే

ఒకటి, ఎగిరిపోయిన అక్షరం చోటును చూపించడం. "డు నాట్" కలిసి "డోన్’ట్" అయినప్పుడు ఓ అక్షరం పోయింది, పోయిన చోట గుర్తు పడింది. రెండోది, ఒక వస్తువు ఎవరిదో చెప్పడం. "రవి’స్ ఫోన్" అంటే రవి ఫోను.

అంతే. బహువచనం చేయడం దీని పని కాదు. ఈ ఒక్క వాక్యం గట్టిగా గుర్తు పెట్టుకుంటే రోజువారీ రాతలో కనిపించే తప్పుల్లో పెద్ద భాగం అక్కడే ఆగిపోతాయి.

అసలు ఈ రెండు పనులకూ మూలం ఒకటే. పాత ఇంగ్లీషులో చాలా నామవాచకాలకు "వాడి, దాని" అన్న అర్థం తేవడానికి చివర ఇ, ఎస్ అనే రెండక్షరాలు చేర్చేవారు. కాలం గడిచేకొద్దీ అందులో ఇ పలకడం మానేశారు. గ్రీకు నుంచి వచ్చిన ఈ గుర్తు 16వ శతాబ్దంలో ఫ్రెంచి అచ్చు పద్ధతి ద్వారా ఇంగ్లీషులోకి చేరింది. మొదట్లో పోయిన అక్షరాల కోసమే వాడారు, తరవాత ఆ పోయిన ఇ చోట కూడా పెట్టడం స్థిరపడింది. అంటే "రవి’స్" లో కూడా ఒకప్పటి అక్షరం ఒకటి లోపించింది అనుకోవచ్చు. ఇది తెలుసుకున్నాక ఈ గుర్తు నాకు అర్థం లేని చుక్కలా అనిపించడం మానేసింది.

అక్షరం ఎక్కడ పోయిందో అక్కడే గుర్తు పెట్టాలి, రెండు మాటలు కలిసిన చోట కాదు. "డిడ్ నాట్" లో పోయింది నాట్ లోని ఓ. కాబట్టి గుర్తు ఎన్, టి మధ్య ఉండాలి. చాలామంది డి, ఎన్ మధ్య పెడతారు, ఎందుకంటే చెవికి "డిడ్" ఒక మాటగా, "ంట్" ఇంకో మాటగా వినిపిస్తాయి. డజ్, హాజ్, వుడ్, కుడ్, ఈజ్, అన్నిటితోనూ ఇదే సూత్రం. ఇంకోటి కూడా ఇక్కడే చెప్పేస్తాను. "కుడ్ హావ్" కుదించి "కుడ్’వ్" అంటాం. అది చెవికి "కుడ్ ఆఫ్" లా వినిపించి, అలాగే రాసేస్తారు. ఇంగ్లీషులో "కుడ్ ఆఫ్" అనే ప్రయోగం లేదు, అది ఎప్పుడు రాసినా తప్పే.

రెండో అడుగు: మీరు, మీ పరీక్ష

ఇదే అసలైన అడుగు. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడదాం.

"యువర్", "యు’ర్" రెండూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. మీరు రాయాలనుకున్న వాక్యాన్ని తెలుగులో అనుకోండి. "మీ రిపోర్టు బాగుంది" అంటే "మీ" వచ్చింది, కాబట్టి గుర్తు లేని యువర్. "మీరు ఆలస్యంగా వస్తున్నారు" అంటే "మీరు" వచ్చింది, కాబట్టి గుర్తు ఉన్న యు’ర్, అంటే యు ఆర్.

అలాగే "వాళ్ళు" వస్తే దే’ర్, గుర్తు ఉంటుంది. "వాళ్ళ" వస్తే దెయిర్, గుర్తు ఉండదు, టి హెచ్ ఇ ఐ ఆర్ అని రాస్తాం. "అక్కడ" వస్తే దేర్, టి హెచ్ ఇ ఆర్ ఇ. "ఎవరు" వస్తే హూ’జ్, గుర్తు ఉంటుంది. "ఎవరి" వస్తే హూజ్, గుర్తు ఉండదు, చివర ఓ ఎస్ ఇ వస్తాయి.

ఇక అందరినీ ఏడిపించే ఇట్స్. "అది" వస్తే ఇట్’స్. "దాని" వస్తే ఇట్స్. "అది చాలా కొత్తది" అన్నప్పుడు గుర్తు పెట్టాలి. "దాని రంగు మారింది" అన్నప్పుడు పెట్టకూడదు. నా దరఖాస్తులో ఉండాల్సింది "కంపెనీ, దాని కస్టమర్లు". దాని, అంతే, గుర్తు అక్కర్లేదు. రెండు సెకన్లు తెలుగులో అనుకుని ఉంటే ఆ పెన్సిలు సున్నా పడేది కాదు.

తెలుగులో "అది" అన్న మాట బయటికి కనపడని వాక్యాలు కొన్ని ఉంటాయి. "వర్షం పడుతోంది" అంటాం, "ఇట్’స్ రెయినింగ్" అని రాస్తాం. "చాలా రోజులైంది" అంటాం, "ఇట్’స్ బీన్ ఎ లాంగ్ టైమ్" అని రాస్తాం. అలాంటి చోట ఇంకో పరీక్ష చేయండి. ఇట్ ఈజ్ అనిగానీ, ఇట్ హాజ్ అనిగానీ విప్పి చదివి చూడండి. అర్థం నిలబడితే గుర్తు పెట్టండి, లేకపోతే వద్దు. ఈ రెండింట్లో ఏదో ఒకటి ప్రతిసారీ పని చేస్తుంది.

"రవి’స్" కి గుర్తు ఉన్నప్పుడు దాని అన్న అర్థమొచ్చే "ఇట్స్" కి ఎందుకు ఉండదు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇట్స్ సర్వనామం. "హిజ్" లో మనం ఎప్పుడూ గుర్తు పెట్టం కదా, హిజ్, హర్స్, అవర్స్, యువర్స్, దెయిర్స్ అన్నీ ఒకే కుటుంబం, వాటిలో దేనికీ గుర్తు లేదు, ఇట్స్ కూడా వాటి తోబుట్టువే. ఉత్తరం చివర "యువర్’స్ సిన్సియర్లీ" అని గుర్తు పెట్టి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది తప్పు, యువర్స్ లో గుర్తు ఎక్కడా రాదు. వన్’స్, సమ్‌బడీ’స్, ఎవ్రీవన్’స్ లాంటివి మాత్రం గుర్తు తీసుకుంటాయి.

ఇందులో తడబడినందుకు సిగ్గుపడాల్సిన పని లేదు. 1787 లో రాసిన అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం పదో సెక్షన్‌లో, "దాని తనిఖీ చట్టాలు" అన్న అర్థంలో రాసిన ఇట్స్ కి అపాస్ట్రఫీ ఉంది. ఆ రోజుల్లో రెండు పద్ధతులూ చలామణీలో ఉండేవి, తరవాత కాలంలో గుర్తు లేని రూపం స్థిరపడింది. ఇవాళ మాత్రం మనం రాస్తే తప్పే.

మూడో అడుగు: లు, ల పరీక్ష

"బాయ్స్" అన్న మాటను మూడు రకాలుగా రాయొచ్చు, మూడూ ఒకేలా పలుకుతాయి. తెలుగులో చూడండి.

అబ్బాయిలు వచ్చారు: బాయ్స్, గుర్తు లేదు.
అబ్బాయి గది: బాయ్’స్ రూమ్, గుర్తు ఎస్ కి ముందు.
అబ్బాయిల గది: బాయ్స్’ రూమ్, గుర్తు ఎస్ తరవాత.

తెలుగులో చివర "లు" వినిపిస్తే అది ఉట్టి బహువచనం, అపాస్ట్రఫీ జోలికి పోవద్దు. "ల" వినిపిస్తే చాలామందికి చెందినది, గుర్తు ఎస్ తరవాత పెట్టండి. ఏకవచనమై, వెనకాల ఎవరిదో ఒకరి వస్తువు ఉంటే గుర్తు ఎస్ కి ముందు. "టీచర్’స్ రూమ్" అంటే ఒక టీచరు గది, "టీచర్స్’ రూమ్" అంటే టీచర్ల గది. చదివేవాళ్ళకు ఎంతమంది ఉన్నారో చెప్పేది ఆ గుర్తు చోటే.

సెలవు చీటీలు, రాజీనామా ఉత్తరాల్లో ఎక్కువగా జారిపోయే తప్పు ఒకటి ఇక్కడే పట్టుబడుతుంది. "రెండు వారాల నోటీసు" అంటాం, ల వినిపించింది, కాబట్టి "టూ వీక్స్’ నోటీస్". "ఒక రోజు సెలవు" అయితే "వన్ డే’స్ లీవ్". "ఐదేళ్ళ అనుభవం" అంటే "ఫైవ్ ఇయర్స్’ ఎక్స్‌పీరియన్స్". ఈ గుర్తు ఇష్టం లేకపోతే మధ్యలో "ఆఫ్" పెట్టి "ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్" అనండి, అప్పుడు గుర్తు అవసరం ఉండదు. "ఫైవ్ ఇయర్స్ ఓల్డ్" లో కూడా గుర్తు రాదు, అక్కడ ఇయర్స్ వెనకాల వస్తువేదీ లేదు, ఓల్డ్ ఉట్టి విశేషణం.

ఈ పరీక్ష మోసం చేసే చోట్లు రెండున్నాయి, అవీ తెలియాలి. మొదటిది, ఎస్ తో ముగియని బహువచనాలు. చిల్డ్రన్, మెన్, విమెన్, పీపుల్ లాంటివి. "పిల్లల పుస్తకాలు" అన్నప్పుడు ల వినిపిస్తుంది, కానీ చిల్డ్రన్ అన్న మాటే బహువచనం, దానికి ఎస్ లేదు. కాబట్టి ముందు గుర్తు, తరవాత ఎస్: "చిల్డ్రన్’స్ బుక్స్". చిల్డ్రన్స్’ అని ఎస్ తరవాత పెట్టిన బోర్డులు ఎన్నో కనిపిస్తాయి, అవి తప్పు.

రెండోది, ఒక నామవాచకం వచ్చి ఇంకోదాని ముందు పేరులా కూర్చోవడం. "అమ్మకాల నివేదిక" అంటే "సేల్స్ రిపోర్ట్", గుర్తు లేదు. "స్పోర్ట్స్ షూస్", "కస్టమ్స్ ఆఫీస్" కూడా అంతే. ఇక్కడ రిపోర్టు అమ్మకాల సొత్తు కాదు, ఎలాంటి రిపోర్టో చెబుతున్నాం. అనుమానం వస్తే డిక్షనరీ తీయండి. నిజం చెప్పాలంటే ఈ గీత ఇంగ్లీషువాళ్ళకే మసకగా ఉంది. అమెరికాలో "వెటరన్స్ డే" అధికారికంగా అపాస్ట్రఫీ లేకుండా రాస్తారు. "మదర్’స్ డే" లో మాత్రం గుర్తు ఎస్ కి ముందు ఉంటుంది, ఎందుకంటే దాన్ని మొదలుపెట్టించిన ఆనా జార్విస్ అది లోకంలోని అమ్మలందరి రోజు కాదు, ఎవరి అమ్మను వాళ్ళు తలచుకునే రోజు అని పట్టుబట్టింది. ఒక గుర్తును అటో ఇటో జరిపితే అర్థం ఎంత మారుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇద్దరి సొత్తు గురించి రెండు ముక్కలు. ఇద్దరికీ కలిపి ఒకటే ఇల్లుంటే చివరి పేరుకే గుర్తు: "రవి అండ్ లత’స్ హౌస్". ఎవరి ఫోను వాళ్ళదైతే ఇద్దరికీ: "రవి’స్ అండ్ లత’స్ ఫోన్స్".

నాలుగో అడుగు: ఎస్ తో ముగిసే పేర్లు

జేమ్స్ ఫోనుని "జేమ్స్’ ఫోన్" అనాలా, గుర్తు తరవాత ఇంకో ఎస్ చేర్చి "జేమ్స్’స్ ఫోన్" అనాలా? రెండూ చెల్లుతాయి. అమెరికా పత్రికలు ఎక్కువగా అనుసరించే అసోసియేటెడ్ ప్రెస్ పద్ధతిలో పేర్లకు ఉట్టి గుర్తు చాలు. పుస్తక ప్రచురణలో ఎక్కువగా వాడే షికాగో పద్ధతిలో ఇంకో ఎస్ చేర్చాలి. 2006 లో అమెరికా సుప్రీంకోర్టులో కాన్సాస్ వర్సెస్ మార్ష్ అనే కేసు వచ్చింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ క్లారెన్స్ థామస్ "కాన్సాస్’" అని ఉట్టి గుర్తుతో రాశారు, విభేదించిన జస్టిస్ డేవిడ్ సూటర్ ఇంకో ఎస్ చేర్చి రాశారు. అంతటి కోర్టులో ఒకే కేసులో రెండు రకాలుగా ఉంది కాబట్టి మీరు టెన్షన్ పడకండి. ఏదో ఒకటి ఎంచుకుని, ఒక డాక్యుమెంటు మొత్తం అదే పాటించండి. నాకు ఇంకో ఎస్ చేర్చడమే నచ్చుతుంది, పలికేటప్పుడు ఆ శబ్దం ఎలాగూ వస్తుంది కాబట్టి.

కంపెనీల పేర్లు, ఊళ్ళ పేర్లకు రూలు వెతక్కండి. వాళ్ళు ఎలా రాసుకుంటే అలాగే రాయాలి. మెక్‌డొనాల్డ్’స్ కి గుర్తు ఉంది, స్టార్‌బక్స్ కి లేదు. బ్రిటన్‌లో పుస్తకాల దుకాణాల సంస్థ వాటర్‌స్టోన్స్ 2012 లో తన పేరులోంచి గుర్తు తీసేసింది. అమెరికాలో భౌగోళిక నామాలను నిర్ణయించే బోర్డు 1890 నుంచీ ఉంది, అది ఊళ్ళ, కొండల పేర్లలో ఈ గుర్తును దాదాపుగా ఒప్పుకోదు. మార్తా’స్ విన్యార్డ్ లాంటి మినహాయింపులు ఐదే ఇచ్చింది.

ఐదో అడుగు: అంకెలు, పొట్టి పేర్లు

పీడీఎఫ్‌లు, ఏటీఎంలు, వీడియోలు, ఫొటోలు. అన్నిట్లోనూ "లు" వినిపిస్తోంది కదా? అయితే గుర్తు లేదు. "పీడీఎఫ్స్", "ఏటీఎమ్స్", "ఫొటోస్". పెద్ద అక్షరాల పక్కన చిన్న ఎస్ ఒంటరిగా ఉంటే కంటికి ఏదో లోటులా అనిపించి మధ్యలో గుర్తు పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి.

దశాబ్దాలకూ ఇంతే. 1990 పక్కన నేరుగా ఎస్. శతాబ్దం అంకెలు తీసేసి ఉట్టి 90 రాస్తే మాత్రం ముందు గుర్తు వస్తుంది, అక్కడ రెండంకెలు ఎగిరిపోయాయి కాబట్టి: ’90 అని.

ఒక్క చోట బహువచనానికి గుర్తు పెట్టడాన్ని ఒప్పుకుంటారు. ఒంటరి అక్షరాలు. పరీక్షలో ఎన్ని ఏ లు వచ్చాయో రాసేటప్పుడు పెద్ద ఏ పక్కన ఉట్టి ఎస్ పెడితే అది "యాజ్" అనే వేరే మాటగా కనిపిస్తుంది, అందుకని మధ్యలో గుర్తు పెడతారు.

ఇంటిపేర్లకు బహువచనం చేసేటప్పుడు కూడా గుర్తు వద్దు. స్మిత్ కుటుంబం అంతా కలిపి "ద స్మిత్స్". జోన్స్ లాంటి పేరైతే ఇ, ఎస్ చేర్చి "ద జోన్సెస్".

ఆరో అడుగు: ఫోను చేసే తప్పులు

మీరు సరిగ్గానే టైప్ చేసినా ఫోను మార్చేస్తుంది. ఇట్స్ ని ఇట్’స్ చేస్తుంది, "వెల్" ని "వి’ల్" చేస్తుంది, "వర్" ని "వి’ర్" చేస్తుంది. ఐ విల్ అన్న అర్థంలో గుర్తు లేకుండా టైప్ చేస్తే "జబ్బు" అన్న మాటైన "ఇల్" గా వదిలేసే సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి పంపే ముందు ఈ నాలుగైదు మాటల దగ్గర ఒకసారి ఆగండి.

గుర్తు ఆకారం గురించి కూడా. కీబోర్డు మీద ఉన్నది నిటారు గీత. అచ్చులో వాడేది తోక కిందికి, ఎడమవైపు వంగిన గుర్తు, 9 అంకెలా ఉంటుంది. మామూలు మెయిల్లో ఏది వాడినా పర్లేదు. ’90 లాంటి చోట మాత్రం, మాటకు ముందు వచ్చింది కదా అని, వర్డ్ లాంటి ప్రోగ్రాములు దాన్ని కొటేషన్ మొదలు అనుకుని 6 లా తిప్పేస్తాయి. అప్పుడు గుర్తును రెండుసార్లు టైప్ చేసి మొదటిది చెరిపేస్తే సరైనది మిగులుతుంది. కీబోర్డులో అంకెల వరస మొదట్లో ఎడమకు వాలిన చిన్న గీత ఇంకోటి ఉంటుంది, అది అపాస్ట్రఫీ కాదు, దాని బదులు వాడకండి.

ఏడో అడుగు: కామా ఊపిరి కోసం కాదు

"ఎక్కడ ఆగితే అక్కడ కామా పెట్టు" అని చిన్నప్పుడు మనలో చాలామందికి చెప్పారు. ఈ మాట చేసిన నష్టం చిన్నది కాదు. ఇదీ చెవితో రాసే అలవాటే. ఊపిరి తీసుకునే చోటు మనిషికో రకంగా ఉంటుంది, ఇంగ్లీషు కామా మాత్రం వాక్యం అల్లిక ప్రకారం పడుతుంది.

దీనివల్ల వచ్చే మొదటి తప్పు, పొడుగాటి కర్తకూ క్రియకూ మధ్య కామా. "ద పీపుల్ హూ అప్లైడ్ లాస్ట్ వీక్, విల్ గెట్ ఎ మెయిల్ టుడే." చదివేటప్పుడు వీక్ తరవాత ఆగుతాం, నిజమే. కానీ మెయిల్ అందుకునేది ఎవరు? పోయిన వారం దరఖాస్తు చేసినవాళ్ళు. ఆ మొత్తం ఒక కర్త, దాన్ని క్రియ నుంచి ఒంటి కామాతో నరకకూడదు. కామా తీసేయండి.

రెండోది, రెండు పూర్తి వాక్యాలను ఉట్టి కామాతో అతకడం. తెలుగులో "రిపోర్టు అయిపోయింది, చూడండి" అంటే తప్పేమీ లేదు. మన కామా ఆ బరువు మోస్తుంది, ఇంగ్లీషు కామా మోయలేదు. "ద రిపోర్ట్ ఈజ్ రెడీ, ఐ హావ్ అటాచ్డ్ ఇట్" అని రాస్తే చదివిన వాళ్ళు తప్పు కింద గీత గీస్తారు. మందు సులువు: ఫుల్ స్టాప్ పెట్టండి, లేదా కామా తరవాత "అండ్" చేర్చండి, లేదా సెమీకోలన్ పెట్టండి. నా సలహా అయితే ఫుల్ స్టాపే. "హవెవర్" దగ్గర ఈ తప్పు మరీ ఎక్కువ. అది "బట్" లా వాక్యాలను కలపదు. దాని ముందు ఫుల్ స్టాప్ పెట్టి కొత్త వాక్యం మొదలెట్టండి, దాని తరవాత కామా పెట్టండి.

మూడోది పిలుపు. ఇక్కడ మళ్ళీ తెలుగే ఆదుకుంటుంది. "ఐ డోన్’ట్ నో రవి" అంటే "నాకు రవి తెలియదు". "ఐ డోన్’ట్ నో, రవి" అంటే "నాకు తెలియదు రవీ". తెలుగులో పిలిచేటప్పుడు పేరు చివర సాగుతుంది, ఆ సాగిన దీర్ఘం వినిపించిన చోట ఇంగ్లీషులో కామా పడాలి. "థాంక్యూ, సర్." "కమ్ హియర్, లత." మెయిల్ మొదట్లో వచ్చే "హాయ్ రవి" కి మాత్రం మధ్యలో కామా లేకుండా రాయడం అందరికీ అలవాటైపోయింది, అక్కడ పట్టింపు లేదు.

నాలుగోది, "మై బ్రదర్ హూ లివ్స్ అబ్రాడ్" లాంటివి. మీకు ఒక్కరే అన్నయ్య ఉంటే, విదేశాల్లో ఉన్నారన్నది అదనపు సమాచారం, దానికి అటూ ఇటూ కామాలు. ఇద్దరు ముగ్గురు ఉండి, వాళ్ళలో విదేశాల్లో ఉన్నాయన అని చెప్పడానికైతే కామాలు వద్దు. ఆ ముక్క తీసేసినా ఎవరి గురించో తెలుస్తుందా అని అడుక్కోండి. తెలిస్తే రెండు కామాలు పెట్టండి, తెలియకపోతే ఒక్కటీ వద్దు. ఒకటి పెట్టి రెండోది మరిచిపోవడం మాత్రం ఏ లెక్కలోనూ కుదరదు.

ఇక జాబితాలో చివరి "అండ్" లేదా "ఆర్" ముందు వచ్చే కామా, ఆక్స్‌ఫర్డ్ కామా అంటారు. పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు, కానీ పెట్టకపోతే ఒక్కోసారి ఏమవుతుందో చెప్పే కేసు ఒకటుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ చట్టం కొన్ని పనులకు మినహాయింపు ఇచ్చింది. ఆ జాబితా చివర్లో "రవాణా కోసం లేదా పంపిణీ కోసం ప్యాకింగ్" అనా, లేక "రవాణా కోసం ప్యాకింగ్, పంపిణీ" అని రెండు పనులా అన్నది తేలలేదు, "ఆర్" ముందు కామా లేకపోవడమే కారణం. ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు సరుకు పంపిణీ చేసేవాళ్ళు, ప్యాకింగ్ చేసేవాళ్ళు కాదు. పంపిణీ విడిగా మినహాయింపు కాకపోతే వాళ్ళకు ఓవర్‌టైమ్ రావాలి. 2017 లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆ అస్పష్టతను డ్రైవర్ల వైపు తేల్చింది, 2018 లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. కోర్టు తీర్పు వచ్చాక ఆ చట్టాన్ని సెమీకోలన్లతో తిరగరాశారు. ఆ కేసు గురించి చదివిన దగ్గర్నుంచీ నేను ఆ కామా ప్రతిసారీ పెడుతున్నాను.

ఎనిమిదో అడుగు: మిగిలినవి త్వరగా

కామా, ఫుల్ స్టాప్, ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం, వీటి ముందు ఖాళీ ఉండకూడదు, తరవాత ఒక్క ఖాళీ ఉండాలి. ఆశ్చర్యార్థకం ఒకటి చాలు. చుక్కలు పెట్టాలనుకుంటే మూడే, రెండూ కాదు ఏడూ కాదు.

నొక్కి చెప్పడానికి కొటేషన్ మార్కులు వాడకండి. ఏదైనా బోర్డు మీద కొటేషన్లలో "ఫ్రెష్" అని రాస్తే, "తాజా అని అంటున్నారు కానీ నమ్మకం లేదు" అన్న అర్థం వస్తుంది. నొక్కి చెప్పాలంటే అక్షరాలు బోల్డ్ చేయండి.

కొటేషన్ ముగిసే చోట ఫుల్ స్టాప్, కామా అమెరికన్ పద్ధతిలో గుర్తు లోపల ఉంటాయి. బ్రిటిష్ పద్ధతిలో ఆ చుక్క ఆ మాటలకు చెందినదైతేనే లోపల, కాకపోతే బయట. మీరు ఎవరికి రాస్తున్నారో వాళ్ళ పద్ధతి పట్టుకోండి.

హైఫన్ రెండు మాటలు కలిసి ఒక విశేషణంగా నామవాచకం ముందు కూర్చున్నప్పుడు వస్తుంది. "టెన్-డే లీవ్" లో హైఫన్ ఉంటుంది, డే కి ఎస్ ఉండదు, అపాస్ట్రఫీ కూడా ఉండదు. "ఎల్ వై" తో ముగిసే క్రియా విశేషణం తరవాత హైఫన్ అక్కర్లేదు: "న్యూలీ ఓపెన్డ్ ఆఫీస్". కొన్నిసార్లు హైఫన్ లేకపోతే అర్థం తలకిందులవుతుంది. "రీ-సైన్" అంటే ఒప్పందం మీద మళ్ళీ సంతకం చేయడం. హైఫన్ తీసేస్తే అవే అక్షరాలు "రిజైన్", రాజీనామా.

తొమ్మిదో అడుగు: ఒక మెయిల్ పట్టుకుని దిద్దుదాం

ఇదిగో మెయిల్. ముందు మీరే పట్టుకోవడానికి ప్రయత్నించండి, తప్పులు ఎనిమిదున్నాయి.

"ద టీమ్ హాజ్ ఫినిష్డ్ ఇట్’స్ వర్క్, వి విల్ సెండ్ ద పీడీఎఫ్’స్ టుమారో. ద మేనేజర్స్ హూ ఆస్క్డ్ ఫర్ చేంజెస్, హావ్ సీన్ దెమ్. యువర్ ఆన్ ద లిస్ట్ టూ. ఐ విల్ బీ ఆన్ టూ డేస్ లీవ్ ఫ్రమ్ మండే. లెట్స్ మీట్ ఆఫ్టర్ దట్ !"

టీము "దాని" పని పూర్తి చేసింది, కాబట్టి ఇట్స్ లో గుర్తు పోవాలి. వర్క్ తరవాత కామాతో రెండు పూర్తి వాక్యాలు అతికాయి, అక్కడ ఫుల్ స్టాప్ పెట్టి "వి" ని పెద్ద అక్షరంతో మొదలెట్టాలి. పీడీఎఫ్ "లు", గుర్తు పోవాలి. మార్పులు అడిగిన మేనేజర్లు అన్నది మొత్తం ఒక కర్త, చేంజెస్ తరవాత కామా పోవాలి. "మీరు" జాబితాలో ఉన్నారు, "మీ" కాదు, కాబట్టి యు’ర్. రెండు రోజు"ల" సెలవు, డేస్ లో ఎస్ తరవాత గుర్తు రావాలి.

లెట్స్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. గుర్తు లేని "లెట్స్" అంటే "అనుమతిస్తాడు" అని. కలుద్దాం, వెళ్దాం, చేద్దాం అని "దాం" వినిపిస్తే అది లెట్ అస్, కాబట్టి లెట్’స్. ఇక మిగిలింది దట్ కీ ఆశ్చర్యార్థకానికీ మధ్య ఉన్న ఖాళీ. కర్సర్ అక్కడ పెట్టి, బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కి, పంపేయండి.